అత్యవసరానికి ఒకరోజు ముందు దరఖాస్తు

మా బళ్లో అత్యవసరం అనేది రెండేళ్ల క్రితం దాకా ఎవరి అనుమతీ లేకుండానే వచ్చేది. దాన్ని ఒక పద్ధతిలోకి తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. నా పేరు సుదర్శనం. కొండ్రపాలెం బాలికల ఉన్నత పాఠశాలలో జూనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను తయారుచేసిన ఫారాల్లో ఒక్కదాన్ని కూడా పై ఆఫీసు వెనక్కి పంపలేదు. మా డివిజన్లో ఖాళీలు పూరించడం పిల్లలకంటే టీచర్లకే ఎక్కువ వచ్చునంటే, అందులో నా కృషి కొంత ఉంది.

కథ కోటేశ్వరి అనే పిల్లతో మొదలైంది. అప్పుడది తొమ్మిదో తరగతి. హాఫియర్లీ పరీక్షల్లో లెక్కల పేపరు రోజు గంట కొట్టాక పిల్లలంతా పేపర్లిచ్చి వెళ్లిపోయారు. కోటేశ్వరి మాత్రం బెంచీ మీంచి లేవలేదు. మా హెడ్మాస్టరు త్రివిక్రమరావు గారు అటుగా వచ్చి, "లేచి నిలబడు" అన్నారు. పిల్ల బెంచీని రెండు చేతులా పట్టుకుని తల వంచుకుంది. కింద చీటీలు దాచిందని ఆయన నిర్ధారించారు. ఆడపిల్లను తనిఖీ చేయడానికి జీవశాస్త్రం టీచరు మెహరున్నీసా గారిని పిలిపించారు. ఆవిడ ఒకసారి పిల్ల ముఖం చూసింది, ఒకసారి బెంచీ చూసింది. తన చున్నీ తీసి పిల్ల నడుముకి చుట్టి, భుజం పట్టుకుని బయటికి నడిపించింది.

"చీటీలు దొరికాయా మేడం?" అన్నారు హెడ్మాస్టరు.

"దొరికాయి సార్. మనకే చదవడం రాలేదు."

మర్నాటి నుంచి కోటేశ్వరి బడికి రాలేదు. పదకొండు రోజులయ్యాక మెహరున్నీసా గారు మా ఆయా మార్తమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. పిల్ల అప్పటికే తల్లితో మిరపకోతలకు పోతోంది. కల్లంలో ఎండబోసిన కాయల పక్కన కూర్చుని తుమ్ముకుంటూ మాట్లాడుకున్నారట.

"అందరి ముందర పిల్ల సిగ్గుతో సచ్చిపోయిందమ్మా. ఇంకేం మొకం పెట్టుకోనొస్తది? నాతోపాటు కూలికొస్తే అంతే చాలు" అంది తల్లి.

"ఇంకెప్పుడూ అట్టా జరగదు. నేను మాటిస్తన్నా" అంది మెహరున్నీసా గారు.

పిల్ల వచ్చింది. ఆ వారంలోనే మెహరున్నీసా గారు దర్జీ దగ్గర మిగిలిన యూనిఫారం గుడ్డముక్కలు తెచ్చి, ఇంట్లో మిషను మీద పన్నెండు చిన్న సంచులు కుట్టింది. ఒక్కో సంచిలో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, రెండు పిన్నీసులు, చుట్టి పారేయడానికి పాత పేపరు, చిన్న సబ్బు, ఒక పల్లీ చిక్కీ. వాటిని బాత్రూముల వసారాలో మేకులకు తగిలించింది. కావాల్సినవాళ్లు ఎవర్నీ అడక్కుండా తీసుకోవచ్చు. వీలైనప్పుడు మళ్లీ నింపి పెట్టాలి.

"చిక్కీ దేనికండీ?" అన్నాను.

"భయానికి" అంది ఆవిడ.

రిజిస్టరు లేదు, సంతకం లేదు. బళ్లో ఒక వస్తువు నా సంతకం లేకుండా చేతులు మారడం నాకు గొంతులో చేపముల్లులా ఉండేది. పైగా ఆరు నెలల లోపే హాజరు ఎంత పెరిగిందంటే, టీచర్లు దొంగ హాజరు వేస్తున్నారేమోనని నేను స్వయంగా వెళ్లి తలలు లెక్కపెట్టాను. తలలు సరిగ్గానే ఉన్నాయి.

ఆ హాజరే కొంప ముంచింది. అది చూసి మా డివిజను అధికారి కోదండపాణి గారు తనిఖీకి వచ్చారు. రహస్యం ఏమిటని అడిగితే, హెడ్మాస్టరు గారు "అంతా తమ మార్గదర్శకత్వమే సార్" అని, ఆ మార్గదర్శకత్వం ఏ మేకుకి వేలాడుతోందో చూపించడానికి వసారాలోకి తీసుకెళ్లారు. కోదండపాణి గారు ఒక సంచిలో చెయ్యిపెట్టి తెల్లటి ప్యాకెట్టు తీశారు.

"బ్రెడ్డా? మధ్యాహ్న భోజనం ఉండగా మళ్లీ ఇదెందుకు?"

"బ్రెడ్డు గాదయ్యా" అంది మార్తమ్మ చీపురు ఆపి. "ఆడపిల్లలు ముట్టయినప్పుడు పెట్టుకునేయి."

ఆయన కరెంటు తీగ ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అయినా అధికారి అధికారే. అర నిమిషంలో తేరుకుని, జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ అన్నారు:

"అద్భుతమైన చొరవ. దీన్ని తక్షణం సంస్థాగతం చేయాలి. వ్యక్తుల మంచితనం మీద వ్యవస్థలు నడవడం చాలా ప్రమాదకరం."

వారంలో ఉత్తర్వు వచ్చింది. పథకం పేరు 'బాలికా ఆపద్రక్షణ పేటిక'. నిర్వహణకు ఏడుగురు సభ్యుల కమిటీ. కోదండపాణి గారు, హెడ్మాస్టరు గారు, మండల అధికారి, తెలుగు మాస్టారు, డ్రిల్లు మాస్టారు, దాతల తరఫున ఒక మిల్లు యజమాని, కన్వీనరుగా నేను. అందరం మగవాళ్లమే. మెహరున్నీసా గారు ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే కుర్చీ ఉంటుంది, ఓటు ఉండదు.

మొదటి సమావేశంలో ముందుగా అత్యవసరం అంటే ఏమిటో నిర్వచించుకోవాలని కోదండపాణి గారు ప్రతిపాదించారు. "అతి ప్లస్ అవసరం, అత్యవసరం. యణాదేశ సంధి" అన్నారు తెలుగు మాస్టారు. దానిమీద నలభై నిమిషాలు ఫలప్రదమైన చర్చ జరిగింది. తర్వాత పేటికలో ఉండాల్సిన వస్తువుల జాబితా దగ్గరికి వచ్చాం. మొదటి వస్తువు పేరు ఎవరో ఒకరు చెప్పాలి, నేను రాసుకోవాలి. ఏడుగురం ఫ్యాను వైపు చూశాం. ఫ్యాను తిరగడం లేదు గనక చూడటానికి అంతసేపు ఏమీ లేదు.

"ప్యాడ్లు" అంది మెహరున్నీసా గారు.

"మేడం, మినిట్స్ శాశ్వత రికార్డు. గౌరవప్రదమైన మాట వాడదాం" అన్నారు కోదండపాణి గారు.

"వస్తువు నంబరు ఒకటి అని రాద్దామండీ" అన్నాను నేను. సభ్యులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ డ్రిల్లు మాస్టారు తల గోక్కున్నారు.

"ఒకటి అంటే పిల్లలు ఒంటికి అనుకుంటారు సార్."

"పోనీ రెండు?"

"అది ఇంకా ఇబ్బంది గదండీ."

అలా అది 'వస్తువు నంబరు మూడు' అయింది. ఆ సాయంత్రం టైపు చేస్తుంటే నాకు లోపం కనబడింది. మూడు ఉంది, ఒకటీ రెండూ లేవు. అలాంటి జాబితా నా చేతుల మీదుగా పైకి పోవడానికి వీల్లేదు. రెండో సమావేశంలో ఒకటి: ఈల, రెండు: పన్నెండు అడుగుల తాడు అని చేర్చాం. ఈల చేరిన సంగతి తెలిసి పక్క శాఖలవాళ్లు నొచ్చుకున్నారు. ఆపద అంటే మేము కాదా అని అగ్నిమాపక కేంద్రం వాళ్లు ఇసుక బకెట్టు పంపారు. అటవీ శాఖ వాళ్లు కానుగ మొక్క ఇచ్చారు. మిల్లు యజమాని తన తల్లిగారి జ్ఞాపకార్థం సూక్తుల పుస్తకం అచ్చువేయించారు. కోదండపాణి గారు సందేశంతో కూడిన తన ఫొటోను చట్రం కట్టించి ఇచ్చారు. ఇవన్నీ గుడ్డసంచిలో పట్టవు గనక ఆకుపచ్చ రంగు వేసిన ఇనప భోషాణం చేయించాం. నలుగురు పడితే గానీ లేవదు. నంబరు మూడుకి అందులో అడుగున, ఇసుక బకెట్టు పక్కన, రెండు ప్యాడ్లు పట్టేంత చోటు మిగిలింది.

ఇక ఫారం. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. అత్యవసర స్వభావం, ఆరంభ సమయం, ఇంతకుముందు ఎన్నిసార్లు సంభవించినది, నివారణకు దరఖాస్తుదారు తీసుకున్న చర్యలు, ఇద్దరు సాక్షులు, సంరక్షకుల సంతకం. అన్నీ నింపి ఒకరోజు ముందు కార్యాలయంలో ఇవ్వాలి. ఏడు రోజుల్లోగా కమిటీ సమావేశమై ప్రతి దరఖాస్తునూ పైకి చదివించి నిర్ణయిస్తుంది. చదివేటప్పుడు మధ్యలో ఎవరూ ఆపకూడదన్నది కోదండపాణి గారు పారదర్శకత కోసం స్వయంగా చెప్పి రాయించిన షరతు.

"రేపు పదకొండింటికి వస్తదని పిల్లకి ఇయ్యాలెట్టా తెలుస్తది సార్?" అంది మెహరున్నీసా గారు.

"మేడం, ప్రణాళిక లేని అత్యవసరాన్ని శాఖ ప్రోత్సహించదు."

"ఏడు రోజుల్లో మీరు కూర్చునేసరికి దానికి తగ్గిపోద్ది."

"అది మన పథకం సాధించిన ఫలితమే కదా!" అన్నారు ఆయన, నిజంగానే సంతోషపడుతూ.

తర్వాత సంచుల సంగతి తేల్చాల్సి వచ్చింది. ప్రభుత్వ పేటిక ఉండగా మేకులకు సంచులు వేలాడటం సమాంతర వ్యవస్థ కిందికి వస్తుంది. నేనే వెళ్లి పన్నెండింటినీ స్వాధీనం చేసుకుని పంచనామా రాశాను. చిక్కీలు పన్నెండు ఉండాల్సింది తొమ్మిదే ఉన్నాయి. తేడాను 'భయం నిమిత్తం ఖర్చు' అని చూపాను.

భోషాణానికి రెండు తాళాలు వేశాం. ఒక తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర, రెండోది పక్క ఊళ్లో ఉండే మండల అధికారి దగ్గర. పేటిక ఎప్పుడూ పూర్తిగా నిండి ఉండాలని, ఒక్క వస్తువు తగ్గినా దాన్ని 'అసంపూర్ణ పేటిక'గా పరిగణిస్తామని ఉత్తర్వు వచ్చింది. కనుక వాడితే తప్పు. జిల్లా ఆఫీసు కంప్యూటరులో ప్రతి బడికీ ఒక గడి ఉంటుంది. దరఖాస్తులు రాకపోతే ఆ గడి పచ్చగా వెలుగుతుంది, వస్తే ఎర్రబడుతుంది. మా గడి ఏడు నెలలపాటు లేత వరిచేనులా పచ్చగా ఉంది.

ఆడపిల్లలు మళ్లీ నెలకు మూడు నాలుగు రోజులు రావడం మానేశారు. కోటేశ్వరి వచ్చేది గానీ ఆ రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునేదని, నీళ్లు కూడా తాగేది కాదని మార్తమ్మ చెప్పింది. నేను విన్నాను. సొంత పనులపై సెలవు అనే గడిలో వాళ్లందర్నీ వేశాను.

"గమనించారా? పేటిక పెట్టగానే ఆపదలే ఆగిపోయాయి" అన్నారు కోదండపాణి గారు.

ఆ విజయాన్ని చూడటానికి రాజధాని నుంచి పెద్ద అధికారి వస్తున్నారన్నారు. బడికి సున్నం వేశాం. షామియానా కట్టించి, భోషాణాన్ని నలుగురి చేత వేదిక మీదికి ఎక్కించాం. మొదటి లబ్ధిదారుగా కోటేశ్వరిని ఎంపిక చేశాం. ఆ పిల్లకు ఆ భోషాణం నుంచి ఈల కూడా అందలేదు గానీ, సంచులకు కారణం తనే కదా. ఆ పిల్ల చదవాల్సిన ఉపన్యాసం నేనే రాశాను. పెద్దాయన చేతుల మీదుగా ఇవ్వడానికి రెండడుగుల థర్మోకోల్ తాళంచెవి చేయించి బంగారు కాగితం అంటించాం.

ఆ రోజు సభ బాగా మొదలైంది. స్వాగత నృత్యానికి ఆరో తరగతి పిల్లలు తెల్లగౌన్లలో, చేతుల్లో పూలపళ్లాలతో వేదిక ముందు వరసగా నిలబడ్డారు. కోటేశ్వరి ఒక చేత్తో థర్మోకోల్ తాళంచెవి, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని చదువుతోంది.

"ఆపద లేని బాల్యమే అభివృద్ధికి పునాది. మా బడిలో గత ఏడు నెలలుగా ఒక్క ఆపద కూడా..."

అక్కడ ఆగిపోయింది. దాని చూపు ముందు వరసలో ఉన్న రూతు అనే పిల్ల మీద ఉంది. మిగతా పిల్లలు పక్కకు జరిగారు గానీ రూతు జరగలేదు. పళ్లెం గుండెకు అదుముకుని బిగుసుకుపోయి ఏడుస్తోంది. దానికి పదకొండేళ్లు. తెల్లగౌను వెనక వైపు ఏమైందో దాని వెనకాల కూర్చున్న వందమందికి కనబడుతోంది.

"సార్, పెట్టె తెరవండి" అంది కోటేశ్వరి మైకులో.

ఉపన్యాసంలో భాగమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టారు.

"కాదు సార్. నిజంగా తెరవండి. పాపకి కావాలి."

హెడ్మాస్టరు గారు కుర్చీలో సగం లేచారు. కోదండపాణి గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుముఖం చెదరకుండా, "దరఖాస్తు నిన్న ఇచ్చిందా?" అన్నారు.

"నిన్న దానికేం తెలుసు సార్!"

"రెండో తాళంచెవి మండల అధికారి దగ్గరుందమ్మా. ఆయన క్యాంపులో ఉన్నారు. రేపు ఉదయానికల్లా..."

కోటేశ్వరి తన చేతిలో ఉన్న బంగారు తాళంచెవిని ఒకసారి చూసుకుంది. దాన్ని వేదిక మీద పడేసి రూతు దగ్గరికి దూకింది. ఈలోగా మెహరున్నీసా గారు ఆటల గది వైపు నుంచి వచ్చింది. ఆవిడ చేతిలో డ్రిల్లు మాస్టారు పోటీలకు వాడే ఇనప గుండు ఉంది.

ఆ భోషాణంలోంచి ఏం బయటపడుతుందో ఆ సభలో నాకొక్కడికే తెలుసు.

మొదటి తాళం రెండు దెబ్బలకు ఊడింది, రెండోది మూడు దెబ్బలకు. ఆవిడ ఈల తీసి పక్కన పెట్టింది. తాడు తీసింది. ఇసుక బకెట్టు తీసింది. ఎండిపోయిన కానుగ మొక్క, సూక్తుల పుస్తకం, కోదండపాణి గారి ఫొటో తీసింది. చిట్టచివర అడుగు నుంచి ఒక కాగితం తీసింది. మైకు దగ్గర్లోనే ఉండటంతో ఆవిడ చదివింది అందరికీ వినబడింది.

"నాణ్యతా పరీక్ష నిమిత్తం ప్రయోగశాలకు పంపడమైనది. ఈ స్థలంలో వస్తువు నంబరు మూడు ఉన్నట్టుగా భావించవలెను. సుదర్శనం, జూనియర్ అసిస్టెంటు."

ఆ కాగితం నేను రాసిందే. ప్రభుత్వ పేటికలోకి పరీక్షించని వస్తువు వెళ్లకూడదు, పేటిక ఖాళీగానూ ఉండకూడదు. రెండు నిబంధనలనూ ఒకే వాక్యంలో నిలబెట్టినందుకు రాసిన రోజున నాకు కొంచెం గర్వంగా కూడా ఉండింది. మెహరున్నీసా గారు నా వైపు చూసింది. తిట్టలేదు. నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఆవిడ సన్మానం పళ్లెంలోంచి పెద్దాయనకు కప్పాల్సిన జరీ శాలువా తీసి రూతు చుట్టూ కప్పింది.

"నేను సచ్చిపోతానా మేడం?" అంది రూతు వెక్కుతూ.

"చావవు తల్లీ. నాకు నీ వయసులోనే మొదలైంది. చూడు ఎంత లావుగా ఉన్నానో."

రూతు ఏడుపులోనే నవ్వింది. మార్తమ్మ రోడ్డు దాటి మందుల షాపుకి పోయి ప్యాకెట్టు తెచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది. మా కమిటీకి అప్పటికి ఏడు నెలలు.

మర్నాడు మెహరున్నీసా గారికి మెమో వచ్చింది. అభియోగాలు మూడు. ప్రభుత్వ తాళాలు పగలగొట్టుట, ఉన్నతాధికారి నిమిత్తమైన శాలువాను అనర్హురాలికి కప్పుట, ముందస్తు అనుమతి లేని అత్యవసరాన్ని బహిరంగపరచుట. నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. అయినా ఆ కాగితం మీద సంతకం పక్కన ముద్ర వంకరగా పడింది.

ఆ మధ్యాహ్నం కోటేశ్వరి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"సార్, ఫారాలు కావాలి."

"ఎన్ని?"

"రెండొందల ఎనభయ్యారు."

బడి మొత్తం బలం అంతే.

"అందరికీ ఒకేసారి అత్యవసరమా?"

"మీరే గద సార్ ముందుగా ఇయ్యమంది. ముందుగానే ఇస్తన్నాం."

మూడో రోజుకల్లా దరఖాస్తులన్నీ నా బల్ల మీద ఉన్నాయి. సంరక్షకుల సంతకం దగ్గర చాలావాటిలో తల్లుల వేలిముద్రలున్నాయి. కొన్నింటికి మిరపకారం ఎరుపు అంటుకుని ఉంది. జిల్లా ఆఫీసు కంప్యూటరులో మా గడి రక్తంలా ఎర్రబడిందట. కోదండపాణి గారు ఫోను చేశారు.

"సుదర్శనం, ఏదో ఒక లోపం చూపించి అన్నీ తిప్పి పంపెయ్."

రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ వెతికాను. లోపం లేదు. అన్ని గడులూ నింపారు, ఇద్దరేసి సాక్షులున్నారు. ఉన్న లోపమల్లా ఫారంలో ఉండాలి. నా ఫారంలో లోపం ఉందని నేనెలా రాసివ్వను?

"లోపం లేదండీ. కమిటీ వేయాల్సిందే" అన్నాను.

కమిటీ హెడ్మాస్టరు గారి గదిలో పదిన్నరకు సమావేశమైంది. కిటికీల బయట పిల్లలు గుమిగూడారు. కన్వీనరుగా చదవాల్సింది నేను. మొదటిది కోటేశ్వరిది. నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. నాకు పెళ్లై పందొమ్మిదేళ్లు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ల మధ్య పెరిగాను. ఆ మాట నేను పైకి అన్న గుర్తు లేదు.

"అత్యవసర స్వభావం..." అని ఆగాను.

"కానివ్వండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

"నెలసరి."

నేను త్వరత్వరగా మిగతాది చదివాను. "ఇంతకుముందు ఎన్నిసార్లు సంభవించినది: ముప్పై ఒకటి. నివారణకు తీసుకున్న చర్యలు: ఏమీ లేవు. ఇది నివారిస్తే కమిటీ సభ్యులెవరూ పుట్టి ఉండేవారు కాదని మా మేడం పాఠంలో చెప్పారు."

"ఆ మాట వదిలేసి చదవండి" అన్నారు కోదండపాణి గారు.

"ఏ మాటండీ?"

"అదే. స్వభావం."

"అది వదిలేస్తే దరఖాస్తులో పేరు తప్ప ఏం మిగలదండీ."

రెండోది చదివాను. "ఆరంభ సమయం: తెలియదు. తెలిస్తే అత్యవసరం అని ఎందుకంటారు సార్?" మూడోది చదువుతుండగా తెలుగు మాస్టారికి బీపీ మాత్ర గుర్తొచ్చింది. నాలుగోదానికి మిల్లు యజమానికి ఫోను వచ్చింది. ఆ ఫోను మోగడం మేమెవరం వినలేదు. ఏడోది రూతుది. గుండ్రటి పెద్ద అక్షరాలు. "సాక్షులు: ఆ రోజు సభకి వచ్చిన అందరూ."

దాని తర్వాత కాగితం కింద పెట్టాను. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను.

పదిహేనో దరఖాస్తుకి డ్రిల్లు మాస్టారు, మండల అధికారి ఒకే తలుపులోంచి ఒకేసారి బయటికి పోబోయి ఇరుక్కున్నారు. ఇరవయ్యోదానికి కోదండపాణి గారు బల్ల గుద్దారు.

"చాలు. అన్నీ మంజూరు. ఇక చదవొద్దు!"

"నిబంధన ప్రకారం మధ్యలో ఆపకూడదండీ. తమరే రాయించారు" అన్నాను. ఇరవై రెండేళ్లలో పై అధికారికి నేను ఎదురుచెప్పడం అదే మొదలు. అది కూడా ఆయన మాటతోనే చెప్పాను.

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. హెడ్మాస్టరు గారు మాత్రం వెళ్లలేదు. గది ఆయనదే కదా, ఎక్కడికి పోతారు? తల వంచుకుని విన్నారు. వందోది దాటాక నెమ్మదిగా అన్నారు: "ఆ రోజు చీటీలనుకున్నానయ్యా."

నేను చదువుతూనే ఉన్నాను. మొదట్లో కిటికీల దగ్గర పిల్లలు నోళ్లకు చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, ఎవరి దరఖాస్తు వస్తే వాళ్లు "నాది, నాది" అని చెయ్యెత్తారు. నాలుగింటికి అయిపోయింది. మంజూరు ఉత్తర్వు అప్పటికప్పుడే టైపు చేశాను. ఆరంభ సమయానికి ఫారంలో గడి ఉంది గానీ ముగింపుకి గడి పెట్టడం నేను మర్చిపోయాను. కాబట్టి ఆ మంజూరు ఏ రోజుతోనూ ముగియదు. హెడ్మాస్టరు గారు చదివి సంతకం చేశారు. పన్నెండు సంచులూ నా బీరువాలోంచి బయటికి వచ్చాయి. పంచనామా నేనే చించేశాను.

నెల తిరక్కుండా కోదండపాణి గారికి ఉత్తమ అధికారి పురస్కారం వచ్చింది. ఒకే రోజున రెండు వందల ఎనభై ఆరు అత్యవసరాలను పరిష్కరించినందుకట. మెహరున్నీసా గారి విచారణలో నన్ను సాక్షిగా పిలిచారు. తాళాలు పగలగొట్టింది ఆవిడేనని, లోపల ఖాళీ పెట్టింది నేనని రాసిచ్చాను. దాంతో నాకూ ఒక మెమో వచ్చింది. ఆవిడను నలభై కిలోమీటర్ల దూరంలో ఒక మగపిల్లల హైస్కూలుకి బదిలీ చేశారు. అక్కడైతే ఇలాంటి అత్యవసరాలకు అవకాశం ఉండదని ఉత్తర్వులో రాశారు.

వెళ్లే రోజున బస్టాండు దాకా పెట్టె మోసుకెళ్లాను. పిల్లలు బళ్లోనే ఏడ్చి వదిలారు గనక బస్టాండులో మేమిద్దరమే.

"ఆ రోజు మొత్తం మీరే చదివారంటగా" అంది ఆవిడ. "గొంతు నొప్పెట్టలేదూ?"

"మొదటి నాలుగైదే కష్టమండీ. నోరు తిరగలేదు. తర్వాత మామూలు మాటే అయిపోయింది."

ఆవిడ నవ్వింది. "పద్దెనిమిదేళ్లుగా నేను చెప్పే పాఠం అంతే సార్."

బస్సు వచ్చింది. పెట్టె పైకి అందించాను. నా నోటికి ఏదో ఒక ఓదార్పు మాట రావాలి గనక, "మగపిల్లల బడండీ, పాపం మీకక్కడ పనేం ఉంటుంది?" అన్నాను.

మెహరున్నీసా గారు మెట్టు మీద ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఏడుగురూ చదువుకుంది మగపిల్లల బళ్లోనే గదండీ" అంది. "అసలు పనంతా అక్కడే ఉంది."